పొలం తాకట్టు మీద అప్పు: నోటరీ చేయిస్తే సరిపోతుందా? (బరంపురం, గుణుపురం వైపు)

బరంపురం కోడలు:

అందరికీ నమస్కారం. మా పుట్టిల్లు ఇచ్ఛాపురం, అత్తారిల్లు బరంపురం. నాన్న రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి 6 లక్షలు ఇక్కడ మాకు బాగా తెలిసిన ఒకాయనకి అప్పు ఇస్తానంటున్నారు, ఆయన కూతురి పెళ్లికి కావాలట. మనిషి మంచివాడే, కాదనను, కానీ నాన్నకి ఆ డబ్బు తప్ప వెనక ఇంకేం లేదు, నా టెన్షన్ అంతా అదే.

చికిటి వైపు ఎకరంన్నర పొలం తాకట్టు పెడతానంటున్నాడు, అది చాలదంటే గుణుపురంలో ఉన్న ఇంటి స్థలం కూడా రాసిస్తాడట. రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్తే స్టాంపు డ్యూటీ దండగ, స్టాంపు పేపరు మీద తాకట్టు కాగితం రాసి నోటరీ చేయిద్దాం, పట్టా జిరాక్సు ఇస్తాను, రెండేళ్లలో తీర్చకపోతే పొలం మీదే అని కూడా రాసుకోండి అంటున్నాడు. నాన్నేమో భూమి మీద అప్పు ఇచ్చేవాడికి నోటరీయే రక్ష అని యూట్యూబులో ఎవరో చెప్తే విన్నారు, పైగా విదేశాల్లో అంతా అలాగే జరుగుతుందని చెప్పాడట, దాంతో సీలు పడితే ఇక భయం లేదన్న ధైర్యం వచ్చేసింది.

కాగితాలన్నీ ఒడియాలో ఉన్నాయి. నాన్నకి ఒడియా చదవడం రాదు, నాకు బస్సు బోర్డులు చదివేంత వచ్చు. పొలం ఎవరిది, దాని మీద వేరే అప్పులున్నాయా అన్నది నోటరీ చూస్తాడా? రేపు డబ్బు రాకపోతే ఆ కాగితం పట్టుకుని ఏం చేయగలం?

ప్లీడరు ఆఫీసు తమ్ముడు:

అక్కా, కాగితం పని తేలేదాకా నాన్నగారిని చెక్కు రాయనివ్వకండి. నేను ఇక్కడి కోర్టులో ఒక లాయరుగారి దగ్గర జూనియర్‌ని, తాకట్టు దావాలు చాలానే చూస్తుంటాను కాబట్టి చెప్తున్నాను.

నోటరీ చూసేది మనిషిని. ఎదురుగా ఉన్నవాడు ఆధార్‌లో ఉన్నవాడేనా, తన ఎదుట సంతకం పెట్టాడా, ఆ రోజు తేదీ ఏమిటి, ఇంతవరకే. సీలు వేసి, తన రిజిస్టరులో నంబరు రాసుకుని, అందులో సంతకం తీసుకుంటాడు. 1952 నాటి నోటరీల చట్టం ఆయనకి అప్పజెప్పిన పని అది. ఆ పొలం ఎవరిది, అంతకుముందే ఎవరికైనా రాశారా అన్నది ఆయన వెతకడు, వెతకమని చట్టమూ అడగదు. అందుకని ఆ కాగితం మీద ఎన్ని సీళ్లున్నా భూమి మీద మీకు హక్కు పుట్టదు.

ఆస్తి బదిలీ చట్టం, 1882 లో 59 వ సెక్షన్ ఉంది. అప్పు 100 రూపాయలు గానీ అంతకు మించి గానీ అయితే, తాకట్టు దస్తావేజు రిజిస్టరు కావాలి, తాకట్టు పెట్టినవాడి సంతకం ఉండాలి, కనీసం ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి. హక్కుపత్రాలు అప్పగించి పెట్టే తాకట్టు ఒక్కటే దీనికి మినహాయింపు. మీది 6 లక్షలు. అంటే ఆయన చెప్పిన పద్ధతిలో వెళ్తే మీ చేతిలో ఉండేది తాకట్టు కాదు, ఆయన మీకు బాకీ ఉన్నాడని చెప్పే రుజువు మాత్రమే. ఆ రుజువుకీ విలువ ఉంది, కాదనను, కానీ మామూలు బాకీకి దావా వేయడానికి మూడేళ్లే గడువు, రిజిస్టరు తాకట్టుకైతే డబ్బు కట్టాల్సిన తేదీ నుంచి పన్నెండేళ్లు. గడువు సంగతి అటుంచినా అసలు ప్రమాదం వేరే ఉంది. ఆయన రేపు ఆ పొలం ఇంకొకరికి అమ్మితే, కొనేవాడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీస్తాడు, అందులో మీ పేరు ఎక్కడా కనబడదు. నోటరీ రిజిస్టరు నోటరీ దగ్గరే ఉంటుంది, దాన్ని వెళ్లి చూసేవాడెవడూ లేడు. ఈసీ చూసుకుని నిజాయితీగా కొన్నవాడి చేతిలోంచి ఆ పొలాన్ని మీరు లాక్కోలేరు.

రెండేళ్లలో తీర్చకపోతే పొలం మీదే అన్న మాట గురించి కూడా చెప్పాలి. రిజిస్టరు చేయించినా సరే తాకట్టులో అలాంటి షరతు నిలవదు. తాకట్టు పెట్టినవాడికి డబ్బు కట్టి విడిపించుకునే హక్కు 60 వ సెక్షన్ ఇచ్చింది, ముందుగానే అది వదులుకున్నానని రాసిచ్చినా కోర్టు ఒప్పుకోదు. అలా ఒప్పుకోకపోవడమే న్యాయం అని నా అభిప్రాయం, కూతురి పెళ్లి ముందు మనిషి ఏదైనా రాసిస్తాడు. డబ్బు రాకపోతే మీ దారి ఒకటే, పొలం ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడ తాకట్టు దావా వేయాలి, ముందు ప్రాథమిక డిక్రీ వస్తుంది, గడువు ఇస్తారు, అప్పటికీ కట్టకపోతే తుది డిక్రీ, తర్వాత కోర్టు వేలం. నిదానంగానే నడుస్తుంది. బ్యాంకులు కోర్టుకి వెళ్లకుండా వేలం వేసే 2002 నాటి చట్టం మనలాంటి ప్రైవేటు వాళ్లకి పనికిరాదు, బ్యాంకులకైనా అది సాగుభూమికి వర్తించదు.

ఇంకొకటి. ఇచ్ఛాపురంలో స్టాంపు పేపరు కొని అక్కడే నోటరీ చేయించేద్దాం అనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానేయండి. పొలం గంజాం జిల్లాలో ఉంది, దస్తావేజు ఆ పొలం ఏ సబ్ రిజిస్ట్రార్ కిందికి వస్తుందో అక్కడే, ఒడిశా స్టాంపు డ్యూటీ కట్టి రిజిస్టరు చేయించాలి.

మహేంద్రగిరి గాలి:

పై తమ్ముడు చెప్పిందంతా మా పెదనాన్న విషయంలో జరిగింది. పర్లాకిమిడి దగ్గర పొలం మీద ఒక బంధువుకి డబ్బిచ్చి, నోటరీ సీలున్న తాకట్టు కాగితం బీరువాలో భద్రంగా పెట్టుకున్నారు. వడ్డీ కొన్నాళ్లు వచ్చింది, తర్వాత ఆగింది, అడగడానికి వెళ్తే పొలంలో ఎవరో కొత్తవాళ్లు నాట్లు వేయిస్తున్నారు. అంతకుముందు ఏడాదే రిజిస్టరు సేల్ డీడ్ అయిపోయింది, పేరు కూడా మారిపోయింది. లాయరు కాగితం చూసి భూమి మాట మర్చిపోండి అన్నాడు.

డబ్బుకి డిక్రీ వచ్చింది, అదీ ఎందుకంటే అప్పిచ్చిన రోజే వేరుగా ప్రోనోటు రాయించుకున్నారు, మధ్యలో వడ్డీ ఇచ్చినప్పుడల్లా నోటు వెనక తేదీ వేసి సంతకం తీసుకున్నారు. ఆ చెల్లువేతల వల్ల మూడేళ్ల గడువు మళ్లీ మళ్లీ మొదటి నుంచి లెక్కకొచ్చింది. నోటరీ కాగితం అసలు పనికిరాలేదని మాత్రం అనను. సంతకం నాది కాదని అవతలివాడు అన్నప్పుడు, నోటరీ గారి రిజిస్టరు తెప్పించాక నోరు మూతపడింది. కానీ డిక్రీ వచ్చేనాటికి ఆ బంధువు పేరు మీద అమ్మడానికి ఇంకేమీ మిగల్లేదు. మీ నాన్నగారికి ఈ మాట చదివి వినిపించండి.

గుణుపురం వాడిని:

అమ్మా, ఆ గుణుపురం స్థలం జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు అది ఎవరి భూమో తెలుసుకోండి.

పాత కోరాపుట్ జిల్లా మొత్తం, అంటే ఇప్పటి కోరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కనగిరి నాలుగూ షెడ్యూల్డు ప్రాంతం. గుణుపురం రాయగడ జిల్లాలో ఉంది. ఇక్కడ 1956 రెగ్యులేషన్ 2 నడుస్తుంది. ఆదివాసీ భూమిని ఆదివాసీ కానివాడికి బదిలీ చేయడం చెల్లదు, ఆ చట్టంలో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు, స్వాధీనం ఇచ్చినా ఇవ్వకపోయినా తాకట్టు కూడా అందులోకే వస్తుంది. 2002 లో సవరణ అమల్లోకి రాక ముందు సబ్ కలెక్టర్ అనుమతితో కొన్ని జరిగేవి, తర్వాత ఆ తలుపు కూడా మూసేశారు. 2023 నవంబరులో ఒడిశా మంత్రివర్గం మళ్లీ తెరుద్దామని ఒక నిర్ణయం తీసుకుంటే ఊరూరా గోల లేచి కొద్ది రోజుల్లోనే ఆపేశారు.

ఇది తెలిసీ మా వైపు కొందరు నోటరీ కాగితాలతో పని కానిస్తూనే ఉంటారు. సవర రైతు దగ్గర వేలిముద్ర తీసుకుంటారు, ఒడియాలో రాసింది అతనికి ఎవరూ చదివి చెప్పరు, పండగకి ఇచ్చిన పదివేలకి జీడితోట కాపు ఏళ్ల తరబడి కోసుకుంటారు. వాళ్ల ధైర్యం అంతా ఆ సీలు మీదే. ఆ కాగితం చట్టం ముందు నిలబడదు, భూమి తిరిగి ఇప్పించే అధికారం సబ్ కలెక్టర్‌కి ఉంది. మీ నాన్నగారు అలాంటి మనిషి కాదని అర్థమవుతోంది, అందుకే ముందే చెప్తున్నా. మీకు అప్పు అడిగినాయన ఆదివాసీ కాకపోయినా, ఆ స్థలం ఆయనకి ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో అడగండి. 1956 తర్వాత ఎక్కడో ఒక చోట ఆదివాసీ చేతిలోంచి అనుమతి లేకుండా మారి ఉంటే ఆయన హక్కే గాల్లో ఉన్నట్టు, ఇక మీ తాకట్టు ఎక్కడ నిలుస్తుంది?

చికిటి షెడ్యూల్డు ప్రాంతం కాదు కాబట్టి అక్కడ ఈ రెగ్యులేషన్ రాదు. అయినా ఒడిశా భూసంస్కరణల చట్టం 22 వ సెక్షన్ చూసుకోవాలి, ఎస్సీ ఎస్టీ రైతుల భూమి బయటివాళ్లకి బదిలీ కావాలంటే రెవెన్యూ అధికారి రాతపూర్వక అనుమతి ముందుగా కావాలి. ఒడిశా భూరికార్డులుండే భూలేఖ్ సైట్లో ఖాతా నంబరు కొడితే రైతు పేరు పక్కనే కులం కూడా కనిపిస్తుంది.

చత్రపురం:

వడ్డీ ఎంత రాసుకుంటున్నారు? ఒడిశాలో వడ్డీ వ్యాపారానికి 1939 నాటి చట్టం ఉంది, రిజిస్ట్రేషన్ లేకుండా వ్యాపారంగా అప్పులిచ్చేవాడి దావా కోర్టులో నడవదు. మీ నాన్నగారిది ఒక్కసారి తెలిసినవాళ్లకి ఇచ్చే చేబదులు కాబట్టి ఇబ్బంది రాకపోవచ్చు, కానీ నూటికి మూడు, నాలుగు అని రాసుకుంటే అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. డబ్బు మాత్రం బ్యాంకు ద్వారానే పంపండి. 20,000 గానీ ఆపైన గానీ నగదుగా అప్పు పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, పైగా బ్యాంకు స్టేట్‌మెంటుని మించిన సాక్షి మీకు దొరకడు.

బరంపురం కోడలు:

అందరికీ చాలా థాంక్స్. మీరు రాసినవన్నీ రాత్రి నాన్నకి చదివి వినిపించాను, పర్లాకిమిడి పెదనాన్నగారి సంగతి దగ్గర కాసేపు ఏమీ మాట్లాడలేదు. గుణుపురం స్థలం వద్దనేశాం.

ఇవాళ ఆయన్ని అడిగితే రెండు కొత్త సంగతులు తెలిశాయి. చికిటి పొలం పట్టాలో ఆయనతో పాటు తమ్ముడి పేరు కూడా ఉంది. తమ్ముడు సూరత్‌లో మిల్లులో పని చేస్తాడు, రాలేడు, వాడి తరఫున ఇక్కడే నోటరీ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ (తన బదులు సంతకం పెట్టమని ఇచ్చే కాగితం) ఉంది, దాంతో నేనే సంతకం పెట్టేస్తాను అంటున్నాడు. ఇంకోటి, రిజిస్ట్రేషన్ వద్దనుకుంటే ఒరిజినల్ పట్టా మీ దగ్గరే పెట్టుకోండి, బ్యాంకులు అలాగే కదా చేస్తాయి అంటున్నాడు. ఇది సరైనదేనా?

ప్లీడరు ఆఫీసు తమ్ముడు:

తమ్ముడి సంగతి బయటపడటం మంచిదైంది అక్కా. ఉమ్మడి పట్టా అయితే అందరూ సంతకం పెట్టాల్సిందే, లేకపోతే అన్నగారి వాటా వరకే తాకట్టు, ఆ వాటా ఎంతో తేలడానికి భాగాల దావా ఇంకొకటి. ఆ పవర్ కాగితం ఒక్కసారి తెప్పించి తేదీ చూడండి. నోటరీ అంటే తన ఎదుట పెట్టిన సంతకానికి సాక్ష్యం చెప్పేవాడు, ఆ తేదీన తమ్ముడు సూరత్‌లో ఉంటే బరంపురం నోటరీ ఎదుట సంతకం ఎవరు పెట్టారు? పైగా తన తరఫున దస్తావేజు దాఖలు చేయమని ఇచ్చే పవర్‌ని, మనిషి దేశంలోనే ఉంటే, తాను ఉంటున్న చోటి సబ్ రిజిస్ట్రార్ ధ్రువీకరించాలని రిజిస్ట్రేషన్ చట్టం 33 వ సెక్షన్ చెప్తుంది. నోటరీ పవర్ చెల్లేది విదేశాల్లో ఉన్నవాళ్లకి. గంజాం నుంచి సూరత్ వెళ్లిన వాళ్లు ఊరికి రాకుండా ఉండరు, అన్న కూతురి పెళ్లికి ఎలాగూ వస్తాడు, కాస్త ముందుగా రమ్మనండి, రిజిస్ట్రేషన్ ఆ రోజుల్లో పెట్టుకుందాం. అన్నిటికన్నా నిక్కచ్చి అయిన దారి అది.

పట్టా పెట్టుకోవడం గురించి. హక్కుపత్రాలు అప్పగించి చేసే తాకట్టు చట్టంలో ఉంది, 58 వ సెక్షన్‌లో, కానీ ఆ అప్పగింత కలకత్తా, మద్రాసు, బొంబాయి లేదా ప్రభుత్వం నోటిఫై చేసిన పట్టణంలో జరగాలి. నాన్నగారు ఏదో పల్లెలో కూర్చుని కాగితాలు పుచ్చుకుంటే కుదరదు. అంతకన్నా ముఖ్యం, పట్టా అన్నది రెవెన్యూ రికార్డు, హక్కుపత్రం కాదు. అది మీ బీరువాలో ఉండగానే ఆయన తహసీల్ ఆఫీసులో ఇంకో కాపీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. బ్యాంకులు ఊరికే కాగితాలు పెట్టుకుని కూర్చోవు, ఆ తాకట్టుని కేంద్ర రిజిస్ట్రీలో నమోదు చేస్తాయి, మీకు ఆ వెసులుబాటు లేదు. మామూలు తనఖా దస్తావేజే రిజిస్టరు చేయించండి, పొలం ఆయనే సాగు చేసుకుంటాడు, మీ పేరు ఈసీలో ఉంటుంది, డబ్బు కట్టిన రోజు రిజిస్టరు రసీదు ఇచ్చేస్తే ఆయన పొలం శుభ్రంగా విడుదలవుతుంది. స్టాంపు డ్యూటీ ఎవరు భరించాలన్నది మాట్లాడుకోండి, సగం సగం అన్నా ఒప్పుకుంటాడు.

దానికి ముందు 30 ఏళ్లకి ఈసీ తీయించండి. పంట రుణం తీసుకున్నాడేమో ఆ ఊరి సొసైటీలో విడిగా అడగండి, అది ఈసీలోకి ఎక్కకపోవచ్చు. 1936 దాకా గంజాం మద్రాసు కింద ఉండేది కాబట్టి ఈ వైపు తాతల నాటి దస్తావేజులు కొన్ని తెలుగులోనే దొరుకుతాయి, ఆయన దగ్గర అలాంటివి ఉంటే నాన్నగారే చదువుకోవచ్చు. కొత్త దస్తావేజు ఒడియాలో రాసినా ఇంగ్లీషులో రాసినా, చివర్లో తెలుగులో చదివి వివరించారని ఒక వాక్యం పెట్టించండి. సాక్షులుగా ఊళ్లోనే ఉండే, వయసు తక్కువ ఉన్న ఇద్దరిని చూసుకోండి, ఆయన రేపు సంతకం కాదంటే వాళ్లలో ఒకరు కోర్టుకి వచ్చి చెప్పాల్సి ఉంటుంది.

నోటరీ దగ్గరికి కూడా వెళ్లండి, అయితే దీనికి. ఈ పొలం మీద వేరే అప్పు, దావా, అమ్మకం ఒప్పందం ఏవీ లేవని ఆయన చేత అఫిడవిట్ రాయించి నోటరీ చేయించండి, ఆ రిజిస్టరు నంబరు రాసి పెట్టుకోండి. అబద్ధపు అఫిడవిట్ అని తేలితే అది వేరే నేరం, ఆ భయంతో చాలామంది దాచినవి సంతకానికి ముందే చెప్పేస్తారు.

సోంపేట నుంచి బటామ్:

నాన్నగారు విన్న వీడియో పూర్తిగా అబద్ధం కాకపోవచ్చమ్మా, ఏ దేశం గురించో చెప్పి ఉంటాడు. నేను ఇండోనేషియాలో షిప్‌యార్డులో పని చేస్తాను, ఇక్కడ నోటరీ అంటే మన దగ్గరి నోటరీ కాదు. భూమి తాకట్టుకి 1996 నాటి 4 వ నంబరు చట్టం ఉంది. భూమి దస్తావేజులు రాయడానికి ప్రభుత్వం నియమించిన అధికారి ఉంటాడు, పీపీఏటీ అంటారు, చాలాసార్లు నోటరీయే ఆ పదవిలో కూడా ఉంటాడు. తాకట్టు దస్తావేజు ఆయన ఎదుటే రాయాలి, సంతకాలైన ఏడు పనిదినాల్లోపు ఆయనే భూమి ఆఫీసుకి పంపాలి. అక్కడ నమోదయ్యాక అప్పిచ్చినవాడికి ఒక సర్టిఫికెట్ వస్తుంది, దానికి కోర్టు తీర్పుతో సమానమైన బలం, అప్పు ఎగ్గొడితే వేలానికి పెట్టించవచ్చు. ఫ్రాన్సులో కూడా ఇల్లు తాకట్టు పెట్టాలంటే నోటరీ రాసిన పత్రం తప్పనిసరి.

ఇక్కడైనా అప్పిచ్చినవాడికి హక్కు పుట్టేది భూమి ఆఫీసులో పేరు ఎక్కిన రోజునే, ఒట్టి నోటరీ సంతకంతో కాదు. మన దేశంలో ఆ పని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో జరుగుతుంది. నాన్నగారికి ఇలా చెప్తే తేలిగ్గా ఒప్పుకుంటారు.

బరంపురం కోడలు:

ఒప్పుకున్నారండి. ఆయనకి కూడా ఫోన్ చేసి చెప్పేశారు, రిజిస్ట్రేషన్ అయ్యాకే డబ్బు, తమ్ముడు వచ్చాకే రిజిస్ట్రేషన్ అని. మొదట కొంచెం నొచ్చుకున్నాడు, ఇన్నేళ్ల స్నేహంలో ఇదేంటి అన్నాడు. స్టాంపు డ్యూటీ నేను పెట్టుకుంటాను, నీకే రేపు పొలం విడిపించుకోవడం తేలిక, నేను లేకపోయినా నా పిల్లలతో పేచీ ఉండదు అని నాన్న అంటే అప్పుడు సరేనన్నాడు. తమ్ముడికి టికెట్ చేస్తున్నాడట. ఈసీకి రేపు దరఖాస్తు పెడుతున్నాం. ఒడియాలో వస్తే ఎవరి చేత చదివించాలో తెలియడం లేదు.

ప్లీడరు ఆఫీసు తమ్ముడు:

పేర్లు, ఖాతా నంబరు, ప్లాటు నంబర్లు కనబడకుండా చేసి ఫొటో ఇక్కడ పెట్టండి అక్కా, నేను చదివి తెలుగులో రాస్తాను. దస్తావేజు చిత్తుప్రతి కూడా సంతకాలకి ముందే తెప్పించుకోండి. ప్లాటు నంబర్లు, విస్తీర్ణం, హద్దులు మాత్రం భూలేఖ్‌లో ఉన్నవాటితో అంకె అంకె మీరే సరిచూడండి, లేఖరి దగ్గర ఎక్కువగా తప్పేది అక్కడే.